నిబ్బరం పిల్లలదా, శిక్షణ స్థలానిదా?



మచిలీపట్నంలో జీవితం గడిపిన నాబోటివారికి మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున వరికుప్పల మీద పరచుకొనే పొగమంచే. కాళ్ళకు పలకలు కట్టుకొని హిమపు వాలుల మీద జారే క్రీడలతో మనకేమి పని అని మీరు అడగవచ్చు. కాని ఆ క్రీడాకారుల శిక్షణ గురించి చదువుతున్నకొద్దీ నాకు మన డెల్టా పిల్లలే గుర్తుకు వస్తున్నారు. అందుకు కారణం నా వృత్తి జీవితంలోని ఒక పొరపాటు.

చాలా ఏళ్ళ క్రితం గుడివాడ వైపు నుంచి ఒక తండ్రి పన్నెండేళ్ళ కూతురిని నా వద్దకు తీసుకువచ్చాడు. షటిల్ బాగా ఆడే పిల్ల. పోటీ దగ్గర పడితే చాలు, కడుపునొప్పి, వాంతులు, అరచేతుల్లో చెమట. రక్తపరీక్షలు, స్కానింగు చేయించాను. ఏ లోపమూ కనిపించలేదు. “నీకేమీ లేదమ్మా, కాస్త గుండె దిటవు చేసుకో” అని చెప్పి పంపించాను. ఏడాది తరువాత ఆ తండ్రి వేరే పని మీద వచ్చినప్పుడు అడిగితే, పిల్ల ఆట మానేసిందని చెప్పాడు. ఓడినవారిని అందరి ముందు నిలబెట్టి తిట్టడం అక్కడి శిక్షణలో నిత్యకృత్యమట. ఇంటికి వస్తే భోజనాల వద్ద మళ్ళీ అదే విచారణ. నేను ఆ పిల్ల పొట్టను పరీక్షించాను గాని, ఆమె రోజూ గంటల తరబడి గడిపే చోటు గురించి ఒక్క ప్రశ్నయినా వేయలేదు. ఈ వ్యాసం ఆ తప్పుకు ఆలస్యంగా చేసుకుంటున్న దిద్దుబాటు.

ఎగసిపడే గుండెతో గురి

బయాథ్లాన్ అనే శీతాకాల క్రీడ ఒకటి ఉన్నది. మంచు మీద కిలోమీటర్ల కొద్దీ స్కీయింగ్ చేసి, రొప్పుతూ వచ్చి, వీపున ఉన్న తుపాకి తీసి 50 మీటర్ల దూరంలోని అయిదు లక్ష్యాలను కొట్టాలి. పడుకొని కాల్చేటప్పుడు లక్ష్యం వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. అనేక పోటీలలో తప్పిన ప్రతి గుండుకు 150 మీటర్ల అదనపు చుట్టు తిరగాలి. గుండె ఎగసిపడుతుండగా వేలు నిలకడగా ఉండాలన్నమాట.

ఈ నిగ్రహం ఉపన్యాసాలతో రాదు. అలసిన శరీరంతో, గాలిలో, చలిలో, మళ్ళీ మళ్ళీ కాల్చి అభ్యసిస్తారు. ఊపిరిని నెమ్మదిగా విడిచేటప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కొంత తగ్గుతుంది. ఆ క్షణాన్ని వినియోగించుకోవడం శరీరానికి అలవాటవుతుంది. “కంగారు పడకు” అన్న ఆజ్ఞను గుండె వినదు. అది వినేది అభ్యాసాన్ని.

ఇక్కడ రెండు రకాల ఒత్తిళ్ళను వేరు చేసి చూడాలని నా మనవి. మొదటిది పని కష్టం వల్ల కలిగేది: చలి, అలసట, ఎత్తు, బలమైన ప్రత్యర్థి. దీనిని మోతాదు ప్రకారం పెంచుతూ, నడుమ విశ్రాంతి ఇస్తూ పోతే మనసు గట్టిపడుతుంది. రెండవది పరాభవ భయం. ఓడితే నలుగురిలో తల దించుకోవాలన్న తలపు మొదలైతే, బంతి మీద ఉండవలసిన ధ్యాస కోచ్ ముఖం మీదికి పోతుంది. చేతికి అలవాటైన పని కూడా తడబడుతుంది. ఈ రెండవదాన్నే మనం క్రమశిక్షణ అనుకుంటున్నాము.

భువనగిరి నుంచి ఎవరెస్టుకు

మనవారి ఉదాహరణే చూడండి. పర్వతారోహణ ఒలింపిక్ శీతాకాల క్రీడ కాకపోయినా, మంచులో మనోనిగ్రహానికి అంతకు మించిన పరీక్ష లేదు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఉన్నాడు. ఆ ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది మరణించారు. ఈ పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు.

ఆ పిల్లలను నేరుగా హిమాలయాలకు పంపలేదు. మొదట భువనగిరి కొండరాయి, తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లడఖ్ చలి. మెట్టు మెట్టుకూ వడపోసి, చివరకు ఇద్దరిని ఎంపిక చేశారు. శిక్షణ ఎంతో కఠినమైనది. అయినా ఆ కాఠిన్యం కొండది, చలిది.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. దివిసీమలో పడవ నడిపే తండ్రి కొడుకును మొదటి రోజే సముద్రం మీదికి తీసుకుపోడు. ముందు కాలువ, పిమ్మట కృష్ణ పాయ, ఆ తరువాత మొగ, చివరకు సముద్రం. గాలి తిరిగితే ఒడ్డుకు రావడం పిరికితనం కాదని కూడా నేర్పుతాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన నేల అది. అక్కడ నిబ్బరమంటే మొండితనం కాదని అందరికీ తెలుసు.

పోలికలు లేని బాల్యం

శీతాకాల ఒలింపిక్స్‌లో నార్వే 2018లో 39 పతకాలు, 2022లో 16 స్వర్ణాలు గెలిచి రెండుసార్లూ ప్రథమ స్థానంలో నిలిచింది. మంచు, సంపద, సంప్రదాయం అందుకు తోడ్పడిన మాట నిజం. కాని పిల్లల క్రీడల విషయంలో ఆ దేశపు నియమాలు గమనింపదగినవి. 11 ఏళ్ళు వచ్చే సంవత్సరం వరకు పోటీలలో ర్యాంకుల పట్టికలు ఉండవు. 13 ఏళ్ళు వచ్చేవరకు జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. “భయం లేకపోతే పిల్లలు ఎలా గెలుస్తారు?” అని అడిగేవారికి ఈ పతకాలు కొంత సమాధానం చెబుతాయి.

గుడివాడ ఆడపడుచు

మంచు లేని ఆట నుంచి మరొక ఉదాహరణ. కోనేరు హంపి 1987లో గుడివాడలో జన్మించారు. తండ్రి అశోక్ గారే తొలి గురువు. 2002లో, 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. తల్లి అయిన తరువాత విరామం తీసుకొని తిరిగి వచ్చి, 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. అక్కడి టైబ్రేక్‌లో మొదటి ఆట ఓడి, తరువాత నిలదొక్కుకున్నారు. 2024లో న్యూయార్క్‌లో తొలి రౌండే ఓడిపోయి, చివరకు మళ్ళీ అదే టైటిల్ సాధించారు. ఓటమి తరువాతి ఆటను కొత్త ఆటగా మొదలుపెట్టగలగడమే మనోనిగ్రహం. ఓడిన ప్రతిసారీ శిక్ష పడే చోట ఈ గుణం అలవడడం చాలా కష్టం.

మన ఎండ, మన ఉక్క

వైద్యునిగా మరొక మాట. లడఖ్‌లో చలి చేసే పని మన తీరంలో ఉక్క చేస్తుంది. గాలిలో తేమ అధికమైతే చెమట ఆరదు. ఒంట్లో వేడి బయటకు పోదు. అప్పుడు తరచుగా ముందుగా దెబ్బతినేవి ఏకాగ్రత, సహనం. రోహిణి కార్తె మధ్యాహ్నం మైదానంలో చిరాకుపడి తప్పులు చేసే కుర్రవాడికి “మనోబలం లేదు” అనకండి. నీడకు చేర్చి నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. తల తిరగడం, వాంతి, తడబడే మాట, తికమక కనిపిస్తే ఒళ్ళు తడిపి, విసురుతూ వెంటనే ఆసుపత్రికి తరలించండి. స్పృహ సరిగా లేనివారికి నోటి ద్వారా ఏమీ పట్టవద్దు.

మీరు చేయగలిగినవి

1. పిల్లలను చేర్చే ముందు ఒక పూట ఆ శిక్షణ స్థలంలో కూర్చోండి. గెలిచినవారితో కాదు, ఓడినవారితో కోచ్ ఎలా మాట్లాడుతున్నారో వినండి.

2. వేసవిలో సాధన ఉదయం, సాయంత్రాలకే పరిమితం చేయమని అడగండి.

3. నిద్రకు కోత పెట్టకండి. బడి పిల్లలకు రోజుకు కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి.

4. పోటీ రోజున ఇంట్లో భోజనం దగ్గర ఆట ప్రసక్తి తేవద్దు. పిల్లలే ఎత్తితే వినండి.

5. పోటీకి ముందు మాత్రమే కడుపునొప్పి, గుండెదడ వస్తుంటే అది నటన కాదు. వైద్యుని చూపించండి. పరీక్షలన్నీ బాగుంటే, పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టుకొని, అక్కడ ఏమి జరుగుతున్నదో నెమ్మదిగా అడగండి. అవసరమైతే మానసిక వైద్యుని సలహా తీసుకోవడానికి సంకోచించకండి.

శిక్షకులలో ఉత్తములు ఎందరో ఉన్నారు. చాలీచాలని జీతాలతో, సరైన మైదానాలు లేకపోయినా పిల్లలను తీర్చిదిద్దుతున్నారు. నా ఫిర్యాదు వారి మీద కాదు. తిట్టు లేనిదే ఆట రాదన్న మన నమ్మకం మీద.

నారుమడి పచ్చబడితే రైతు నారును నిందించడు. నీరు చూస్తాడు, నేల చూస్తాడు. మన పిల్లల విషయంలోనూ ఆ పాటి ఓర్పు చూపుదాము. ఆ రోజు నేను అడగని ప్రశ్నను మీరు ఈ సాయంత్రమే మీ పిల్లలను అడగండి.