బంతిపూల పాటకు గొంతు ఎవరిది?

రాయ్‌పూర్ అక్కచెల్లెళ్ల పాట దేశమంతటినీ ఆడించింది. దారిలో పేర్లే జారిపోయాయి.

సినిమా ఆడకపోయినా పాట ఆడిన సందర్భాలు మనకు కొత్త కాదు. 2009 ఫిబ్రవరి 20న విడుదలైన ‘ఢిల్లీ-6’ అలాంటిదే. రాకేశ్ ఓంప్రకాశ్ మెహ్రా తీసిన ఆ సినిమాను జనం తొందరగానే మరిచిపోయారు. అందులోని ‘ససురాల్ గేందా ఫూల్’ను మాత్రం వదల్లేదు. ఉత్తరాది పెళ్లిళ్లలో సంగీత్ అంటే ఆ పాట ఉండాల్సిందే. సినిమా విడుదలైన రెండు రోజులకే లాస్ ఏంజెలిస్‌లో ఎ.ఆర్.రెహ్మాన్ ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు రెండు ఆస్కార్లు అందుకున్నారు. దాంతో ఆయన పేరున్న ప్రతి పాటా మరింత గట్టిగా మోగింది. మరుసటి ఏడాది స్టార్ ప్లస్ ఆ పాట పల్లవినే పేరుగా పెట్టుకుని ఒక సీరియల్ మొదలుపెట్టి 2012 దాకా నడిపింది.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఆ పాట విన్నవాళ్లు పడిన ఆశ్చర్యం వేరు. పాట బాగుందని కాదు, పాట తమదని. అత్తవారింటికి వచ్చిన కొత్త కోడలు, కసిరే అత్త, దెప్పే ఆడపడుచు, ఓదార్చే మరిది, వీటన్నిటి మధ్య బంతిపూవులా కనిపించే అత్తిల్లు. తెలుగింట గుమ్మానికి కట్టే పూవును అక్కడ అత్తింటికే పోలికగా తెచ్చారు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చి చెప్పని ఆ పోలికలోనే పాట అందం ఉంది. ఛత్తీస్‌గఢ్ కళాకారులు చెప్పే లెక్క ప్రకారం ఆ పాటను 1972లోనే జోషీ సిస్టర్స్‌గా పేరుపడ్డ రాయ్‌పూర్ అక్కచెల్లెళ్లు రమ, రేఖ, ప్రభ పాడారు. రాసింది గంగారాం శివారే. బాణీ కట్టింది భుల్వారాం యాదవ్. అంటే బొంబాయి చేరేనాటికి ఆ పాట వయసు 37 ఏళ్లు.

ఈ పేర్లలో భుల్వారాం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. రాయ్‌పూర్‌లో 1923లో పుట్టిన నాటకకర్త హబీబ్ తన్వీర్ 1958లో ఢిల్లీలో ‘మిట్టీ కీ గాడీ’ (మన మృచ్ఛకటికమే) ప్రదర్శించాలనుకున్నప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి ఆరుగురు ‘నాచా’ కళాకారులను వెంట తీసుకెళ్లారు. ఆ ఆరుగురిలో భుల్వారాం ఒకరు. నాచా అంటే రాత్రి తెల్లవార్లూ సాగే పాట, ఆట, వెకిలి హాస్యం కలిసిన పల్లె నాటకం. మన వీధి భాగవతాలకు దగ్గరి చుట్టం. 1959లో తన్వీర్ స్థాపించిన ‘నయా థియేటర్’కు ఇలాంటి నటులే ప్రాణం. వాళ్లు పల్లె యాసలోనే మాట్లాడారు, పల్లె బాణీల్లోనే పాడారు. 1973లో తన్వీర్ రాయ్‌పూర్‌లో నాచా కళాకారులతో శిబిరం పెట్టి తయారుచేసిన నాటకం పేరు ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’. ఊరి పేరే అత్తిల్లు! అత్తిల్లు ఆ ప్రాంతపు హాస్యానికీ, పాటకూ ఎంత పెద్ద ముడిసరుకో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ బృందం ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడింబరోలో బహుమతి కొట్టుకొచ్చింది. కాబట్టి భుల్వారాం లాంటివాళ్లను ‘అనామక పల్లె గాయకులు’ అనడం కుదరదు. వాళ్ల పేర్లు నాటక చరిత్రలో ఉన్నాయి.

రాయ్‌పూర్ నుంచి పాటను సినిమావాళ్లకు అందించింది నటుడు రఘువీర్ యాదవ్. రంగస్థలం మీద పెరిగిన ఆయన ‘ఢిల్లీ-6’లో నటించారు కూడా. రెహ్మాన్‌తో పాటు రజత్ ఢోలకియా ఆ పాట పని పట్టారు. ఆడవాళ్ల గుంపు పాటలోని చనువును అలాగే ఉంచి కింద ఎలక్ట్రానిక్ దరువు పరిచారు. పల్లెలో చప్పట్లతో నడిచే పాటకు డీజే కాళ్లు వచ్చాయి. పని నేర్పుగానే జరిగింది, అందులో అనుమానం లేదు. దరువు పాటను మింగెయ్యలేదు. సీడీ మీద మాత్రం గేయ రచయితగా ప్రసూన్ జోషి పేరు కనిపించింది. ఇది ఛత్తీస్‌గఢీ జానపదమని చిత్రబృందం దాచలేదు. కానీ పాటతో పాటు దేశమంతా తిరిగింది ఆ ‘జానపదం’ అన్న ఒక్క మాటే. రాయ్‌పూర్ పేర్లు తిరగలేదు.

శ్రద్ధా పండిత్, సుజాతా మజుందార్‌లతో కలిసి ఆ పాట పాడిన రేఖా భరద్వాజ్‌కు అప్పటికి 45 ఏళ్లు. ఢిల్లీలో పెరిగి శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న ఆమె మొదటి ఆల్బమ్ ‘ఇష్కా ఇష్కా’ 2002లో గానీ రాలేదు. 2006లో భర్త విశాల్ భరద్వాజ్ ‘ఓంకారా’లో ‘నమక్ ఇస్క్ కా’ పాడాక జనం ఆ కాస్త బొంగురు కలిసిన గొంతును గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ‘గేందా ఫూల్’ ఆమెను ఇంటింటికీ చేర్చింది. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ గాయని అవార్డును ఆ ఏడాది ఆమె ‘ఇక్‌తారా’ పాడిన కవితా సేఠ్‌తో పంచుకున్నారు. తర్వాత ‘ఇష్కియా’ పాటకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇరవై ఏళ్ల గాయనిలకే తలుపులు తెరిచే పరిశ్రమలో నడివయసులో ఆమె సాధించింది తక్కువ కాదు, ఆమె పొరపాటూ ఇందులో లేదు. అయినా ఒక రేఖకు అవార్డు తెచ్చిన పాటను మరో రేఖ, రాయ్‌పూర్ రేఖ, 37 ఏళ్ల ముందే పాడిందన్న సంగతి ఆ వేదిక మీది వెలుగులో ఎవరికి కనిపిస్తుంది?

అంతకుముందు ప్రయాణం ఎదురు దిశలో సాగేది. 1965లో మను నాయక్ తీసిన మొట్టమొదటి ఛత్తీస్‌గఢీ సినిమా ‘కహీ దేబే సందేశ్’కు బొంబాయి నుంచి మహమ్మద్ రఫీ గొంతు తెచ్చుకున్నారు. ఆ సినిమాను తలుచుకునే ప్రతివాళ్లూ రఫీ పాడాడని ముందు చెబుతారు. బొంబాయి గొంతు రాయ్‌పూర్‌కు వస్తే పేరుతో వచ్చింది. రాయ్‌పూర్ పాట బొంబాయికి వెళ్తే ఊరి పేరుతో సరిపెట్టారు.

డాన్స్ పాటలో గొంతుకు విలువ తక్కువ కట్టడం ఒక్క మన దగ్గరి జబ్బే కాదు. 1980లలో న్యూయార్క్, మయామీ నగరాల్లో ప్యూర్టోరికో, క్యూబా కుటుంబాల కుర్రకారు ‘లాటిన్ ఫ్రీస్టైల్’ అనే డాన్స్ పాప్‌కు ఊపిరి పోశారు. డ్రమ్ మెషీన్ మీద గుండె దడలాంటి దరువు, దాని మీద ప్రేమలో దెబ్బతిన్న అమ్మాయి గొంతు. అంతే దాని సరంజామా. న్యూయార్క్‌లో పదిమంది పిల్లల్లో ఆఖరుదానిగా పుట్టిన లీసా వేలెజ్ ‘లీసా లీసా’ పేరుతో 1987 ఒక్క ఏడాదిలోనే రెండు పాటలను బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేర్చింది. ఆమె గొంతుకు ఆమె పేరే ఉంది కాబట్టి బతికిపోయింది. మయామీలో ‘ఎక్స్‌పోజే’ అనే ముగ్గురమ్మాయిల బృందానికి ఆ అదృష్టం దక్కలేదు. 1985లో ‘పాయింట్ ఆఫ్ నో రిటర్న్’తో పేరు తెచ్చింది ఒక ముగ్గురు. 1986లో నిర్మాత లూయిస్ మార్టినే హయాంలో ఆ ముగ్గురి స్థానంలో వేరే ముగ్గురు వచ్చారు. అదే పాటను కొత్త గొంతుతో మళ్లీ రికార్డు చేశారు. ఆ కొత్త ముగ్గురితో 1988లో బృందం మొదటి స్థానానికి చేరింది. పాట అదే, బోర్డు అదే. లోపలి మనుషులు వేరు.

మార్తా వాష్ కథ మరీ విచిత్రం. 1990లో ‘సి ప్లస్ సి మ్యూజిక్ ఫ్యాక్టరీ’ వాళ్ల డాన్స్ పాటలో చెవులు చిల్లులు పడేలా వినిపించే ఆ గొంతు మార్తాది. వీడియోలో పెదవులు కదిపింది సన్నగా నాజూగ్గా ఉన్న జెల్మా డేవిస్. బొద్దుగా ఉన్న మార్తా తెర మీద పనికిరాలేదు గానీ టేపు మీద పనికొచ్చింది! ఆమె ఊరుకోకుండా కోర్టుకెక్కింది. చివరికి రాజీ కుదిరి, గొంతు మార్తాది, కనిపించేది జెల్మా అని వీడియోలో రాయాల్సివచ్చింది. అమెరికాలో డాన్స్ రికార్డుల మీద గాయనుల పేర్లు సక్రమంగా వేయడానికి ఆ తగాదా పెద్ద ఊతం.

మరి రాయ్‌పూర్ అక్కచెల్లెళ్లు 1972 పాట కోసం కోర్టుకెళ్తే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం రచయితనూ, స్వరకర్తనూ గుర్తించింది గానీ పాడినవాళ్లను గుర్తించలేదు. గాయకులకు, నటులకు ‘ప్రదర్శకుల హక్కు’ అనేది 1994 సవరణతోనే వచ్చింది. మొదట అది 25 ఏళ్లు, 1999లో 50 ఏళ్లు చేశారు. పాడినవారు పేరు వేయమని అడిగే హక్కు, వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాటా 2012 సవరణ దాకా లేవు. గాయకుల సంఘం ‘ఇస్రా’కు 2013లో గానీ గుర్తింపు రాలేదు. లతా మంగేష్కర్ అంతటి ఆమె రాయల్టీ కోసం 1960ల నుంచి పోరాడినా పని కావడానికి అరవై దాటిన గొంతులు ఎన్నో మూగబోవాల్సి వచ్చింది.

రచయిత సంగతి వేరు. తన రచనకు తన పేరు ఉండాలని అడిగే హక్కు 1957 నుంచీ ఉంది. రచయిత మరణించాక 60 ఏళ్ల పాటు వారసులకు కాపీరైట్ ఉంటుంది. కాబట్టి ‘గేందా ఫూల్’ను గంగారాం శివారే రాశాడా, లేక ఎవరు కట్టారో తెలియని పాత పాటా అన్నది కబుర్లకు పనికొచ్చే చర్చ మాత్రమే కాదు. అందులో డబ్బుంది. ‘సంప్రదాయ గీతం’ అనే మాట వినడానికి మర్యాదగా ఉంటుంది. కంపెనీ లెక్కల పుస్తకంలో మాత్రం దానికి ఎదురుగా చెల్లింపుల గడి ఖాళీ. పాటను అక్షరాల అలాగే వాడారా, మార్చి వాడారా అనే పేచీ ఎలాగూ ఉంటుంది. కానీ ఆ పేచీ పెట్టుకోవాలన్నా ముందు ఎదురుగా ఒక పేరుండాలి కదా.

ఈ తమాషా 2020లో మరోసారి జరిగింది, అదీ బంతిపూవు పేరుతోనే. ర్యాపర్ బాద్‌షా ‘గేందా ఫూల్’ అనే వీడియో వదిలాడు. అందులోని బెంగాలీ పల్లవిని జానపదంగా చూపించారు. అది బీర్భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1972లో కట్టిన పాటని బెంగాల్ గొల్లుమంది. 1976లో స్వప్నా చక్రవర్తి గొంతుతో రికార్డుగా వచ్చిన పాట అది. అప్పుడు బాద్‌షా కహార్‌కు 5 లక్షల రూపాయలు పంపాడు. 2024లో కేంద్రం కహార్‌కు పద్మశ్రీ ఇచ్చింది. రెండు బంతిపూల పాటలు, రెండింటి లెక్కా 1972 నుంచే. ఒకదానికి ఊరు ఊరంతా లేచి పేరు తెచ్చిపెట్టింది.

తెలుగువాళ్లు కూడా మరీ దూరంలో లేరు. 2021లో ‘లవ్ స్టోరీ’ కోసం సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ ఊపేస్తున్నప్పుడు, ఆ పాటను ‘రేలా రే రేలా’ టీవీ పోటీలో తాను ముందే పాడానని కోమలి ముందుకొచ్చారు. పాటను సేకరించింది ఎవరు, రాసింది ఎవరు, దాని మీద ఎవరికి హక్కు అని టీవీ చర్చలు హోరెత్తాయి. దర్శకుడు శేఖర్ కమ్ముల మాట్లాడాల్సి వచ్చింది. ఆమె దగ్గర టీవీ రికార్డింగు ఉండబట్టే ఆ గొడవ గట్టిగా నిలబడింది. అదే ఏ జాతరలోనో పాడి ఉంటే?

తేడా అక్కడే ఉంది. కహార్ చేతిలో 1976 నాటి రికార్డుంది, కోమలి చేతిలో టీవీ దృశ్యం ఉంది. రాయ్‌పూర్ పాటకు ఎక్కువగా ఉన్నది జ్ఞాపకం. 1972లో ఆ ఊరు మధ్యప్రదేశ్‌లో ఒక మూల. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న గానీ ఏర్పడలేదు. రాష్ట్రం వచ్చాక పాటల మీద గర్వం పెరిగింది, పాటల చిట్టా అంతగా పెరగలేదు. దీనికి తగిన చోటు లేక కాదు. ఖైరాగఢ్‌లో 1956 నుంచి ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం నడుస్తోంది. 2020లో దానికి ఛత్తీస్‌గఢీ జానపద గాయని, పద్మశ్రీ మమతా చంద్రాకర్ ఉపకులపతి అయ్యారు. ఫలానా పాట ఎవరు కట్టారు, ఎవరు తొలిసారి పాడారు, ఏ ఏడాది, సాక్ష్యం ఏమిటి అని ఆ తరం కళాకారులు మిగిలి ఉండగానే రాసిపెట్టే పని అలాంటి సంస్థ చేతిలో పెద్ద ఖర్చు కాదు. ఆ పుస్తకం మొదలుపెడితే మొదటి పేజీకి అయిదు పేర్లు సిద్ధంగా ఉన్నాయి: రమ, రేఖ, ప్రభ, గంగారాం శివారే, భుల్వారాం యాదవ్.