మూడు ఎండాకాలాల మాట: జఫర్‌గఢ్ సేవా సంఘాల పర్యావరణ ప్రణాళిక

మేము జఫర్‌గఢ్ మండలం ఊళ్ళలో పనిచేస్తున్న యువజన సంఘాల వాళ్ళం, మహిళా సంఘాల వాళ్ళం, సేవా క్లబ్బుల సభ్యులం. మాలో రైతులున్నారు, టీచర్లున్నారు, కిరాణం నడిపేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు, కాలేజీకి పోయే పిల్లలు ఉన్నారు. రక్తదానం, కంటి శిబిరం, చలివేంద్రం మాకు అలవాటైన పనులు. ఇకనుంచి మా చెరువు, మా గుట్ట, మా చెట్టు, మా చెత్త కూడా మా పూచీయేనని ఒప్పుకుంటూ ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం.

ఎందుకీ ప్రకటన

ప్రపంచంలో పేరున్న సేవా క్లబ్బుల్లో రెండు షికాగోలోనే పుట్టాయి: రోటరీ 1905లో, లయన్స్ 1917లో. పర్యావరణం వాటి దృష్టికి ఆలస్యంగానే వచ్చింది. రోటరీ దాన్ని తన ఏడో ప్రధాన రంగంగా చేర్చుకున్నది 2021 జులై 1 నుంచి. మన దగ్గర ఊరుమ్మడి పని ఈ క్లబ్బుల కన్నా చాలా పాతది. కాకతీయుల కాలం నుంచి ఈ నేల గొలుసుకట్టు చెరువుల మీద బతికింది. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరాలి. నడుమ కాల్వ పూడితే కింది ఊరు ఎండుతుంది. తూము నీరటికాడు చూసుకునేవాడు, కట్టను ఆయకట్టు రైతులు చూసుకునేవారు. ఆ కట్టుబాటు సడలిన ఊళ్ళోనే చెరువు చెడింది.

సర్కారు పక్షాన పెద్ద పనులే జరిగాయి. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టింది. అదే ఏడు జులైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలనుకుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీ మీద పెట్టింది. ఊరూరా నర్సరీ వచ్చింది. అంటే మొక్కలకు కొరత లేదు, గుంతలు తవ్వే చేతులకూ కొరత లేదు. హోలీ దాటాక నీళ్ళు పోసేవాళ్ళే కరువు. సేవా సంఘం నిలబడాల్సింది అక్కడ.

మా సూత్రాలు

1. మొక్కలను మూడో ఎండాకాలం దాటాకే లెక్కపెడతాం. నాటిన రోజు సంఖ్యను ఎక్కడా చెప్పుకోం. మృగశిరలో నాటిన మొక్క మూడు రోహిణి కార్తెలు తట్టుకుంటేనే మా ఖాతాలోకి ఎక్కుతుంది. అందుకే ఒక్కో సభ్యుడికి ఐదు మొక్కలకు మించి ఇవ్వం. ముళ్ళకంప కట్టడం, నీళ్ళ వంతు తప్పకుండా చూడటం అతని పని. బతుకుదెరువుకు ఊరు విడిచేవాళ్ళు వంతును ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాలి. మేకల కాపరులతో తగువు పెట్టుకోం. మేత దారి ఎటు వదలాలో వాళ్ళనే అడిగి గుంతలు తవ్వుతాం.

2. ఈ నేలకు తెలిసిన చెట్లే పెడతాం. వేప, కానుగ, చింత, నేరేడు, ఇప్ప, రావి, మన రాష్ట్ర వృక్షం జమ్మి. గీత కార్మికులకు అక్కరకొచ్చే తాటి, ఈత. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ జోలికి పోం. తంగేడు, గునుగు పూసే బీళ్ళను చదును చేసి అక్కడ మొక్కలు నాటం. బతుకమ్మకు పూలు ఆ బీళ్ళే ఇవ్వాలి.

3. చెరువు దగ్గర చేతులతో అయ్యే పనే ఎత్తుకుంటాం. పూడిక తీయాలంటే యంత్రాలు కావాలి. మిషన్ కాకతీయలోనూ తవ్వకం సర్కారు చేయిస్తే, ఒండ్రు మట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. మా వంతు వరద కాల్వ. వేల్పుకొండ వాలు నుంచి, చుట్టూ ఉన్న గుట్టల నుంచి వానాకాలం దిగే నీళ్ళకు అడ్డంగా పెరిగిన సర్కారు తుమ్మను, లొట్టపీసు పొదలను తొలకరికి ముందే కొట్టేస్తాం. శిఖం భూమి ఆక్రమణ కంటపడితే సంఘం తరఫున అర్జీ రాసి తహసీల్దారుకు ఇస్తాం, రసీదు తీసుకుంటాం.

4. పండుగకు ముందే పని మొదలుపెడతాం. వినాయక నిమజ్జనమైన పక్షం రోజులకే ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది. ప్లాస్టర్ ముద్దలూ ఇనుప చువ్వలూ మునిగిన నీళ్ళలోకే ఆడబిడ్డలు బతుకమ్మలతో దిగాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. విగ్రహం కొన్నాక చెప్పి లాభం లేదు కాబట్టి మండపాల పిల్లలతో శ్రావణంలోనే మాట్లాడతాం. మట్టి విగ్రహాలు చేసేవాళ్ళకు ముందుగానే బయానా ఇప్పిస్తాం. నిమజ్జనం మర్నాడు చువ్వలు, చెక్కలు, బట్టలు ఒడ్డుకు తీస్తాం.

5. ఊరి చివరి వాడ నుంచి మొదలుపెడతాం. బస్టాండు దగ్గర ఊడిస్తే పదిమంది చూస్తారు. మురుగు నిలిచేది, చెత్త కుప్ప పడేది మాత్రం చాలాసార్లు దళితవాడ పక్కన. మొదటి పని ఎక్కడ చేయాలో ఆ వాడ వాళ్ళే చెబుతారు. రోజూ ఊరు ఊడ్చే పంచాయతీ కార్మికుల పక్కన ఒక్క పూట చీపురు పట్టి ఫొటో దిగం. వాళ్ళకు చేతి తొడుగులు, బూట్లు, వేళకు జీతం అందేలా చూడమని పంచాయతీని అడుగుతాం.

6. చెత్త పుట్టే చోటే దాన్ని ఆపుతాం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా మన పెళ్ళిళ్ళలో, దావతుల్లో అవే కనిపిస్తున్నాయి. సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టి పళ్ళేలు, గ్లాసులు ఇస్తున్న పద్ధతి మన ముందుంది. మేమూ ఊరికొక స్టీలు సామాను సెట్టు పెడతాం. దాని లెక్క మహిళా సంఘం చేతిలో ఉంటుంది.

7. ఊరంతా ఒప్పుకున్నదే చేస్తాం. మన జనగామ జిల్లాలోనే, లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనెబావి అనే ఊరుంది. అక్కడి రైతులు నేర్చిన పాఠం ఇది: ఎర్ర గొంగళి పురుగును ఒక్క రైతు తన చేలో మంటలు పెట్టి ఆపలేడు. అందరూ కలిసి పెడితేనే అది అదుపులోకి వస్తుంది. జనగామలోని క్రాప్స్ అనే సంస్థ తోడుగా ఆ ఊరు ఈ పాఠంతో మొదలుపెట్టి, 50కి పైగా కుటుంబాలు కలిసి 2006 నాటికి రసాయన ఎరువులు, పురుగుమందులు పూర్తిగా వదిలేసింది. బయటి సంస్థ దారి చూపింది, నిర్ణయం ఊరిది. మా సంఘాలూ అంతవరకే: గ్రామసభ వద్దన్న పనిని, దాత ఇచ్చాడు కదా అని చేయం.

8. పైసా పైసాకు లెక్క చెబుతాం. ఖర్చులో సగమైనా మొక్కల సంరక్షణకే ఉంచుతాం. ఫ్లెక్సీలకు, శాలువాలకు, బొకేలకు సంఘం డబ్బు వాడం. పద్దు పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంటుంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు. చెరువు కింద భూమి కబ్జా చేసినవాళ్ళ చందా ఎంత పెద్దదైనా తీసుకోం.

మొదటి ఏడాది పని

రోహిణిలో వరద కాల్వల శుభ్రత. మృగశిర, ఆరుద్రల్లో నాటడం. శ్రావణంలో మట్టి విగ్రహాల ఒప్పందం. నిమజ్జనానికీ బతుకమ్మకూ నడుమ చెరువు రేవుల శుభ్రత. సంక్రాంతికి స్టీలు సామాను. హోలీ నుంచి వానలు పడేదాకా నీళ్ళ వంతులు. ఈ చివరి పనికే ఎక్కువమంది కావాలి. సభ్యత్వం అడిగేవాళ్ళకు ముందుగా ఆ వంతే ఇస్తాం.

ఏటా అక్టోబరు 2 గ్రామసభలో పనుల జాబితా పైకి చదువుతాం: ఏది నిలిచింది, ఏది చచ్చింది, ఎందుకు చచ్చింది. ఒక ఊళ్ళో పాత పని నిలవకపోతే, అది బాగుపడేదాకా అక్కడ కొత్త పని ఎత్తుకోం. వరుసగా రెండేళ్ళు నీళ్ళ వంతు తప్పినవాళ్ళు అధ్యక్షులైనా సరే, పదవి దిగాలి.

అక్కలారా, అన్నలారా, మాతో చేరడానికి చందా అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు, కోటు అక్కర్లేదు. వారంలో ఒక పూటా రెండు బిందెల నీళ్ళూ చాలు. ఈ ప్రణాళికను ప్రతి ఊళ్ళో పంచాయతీ గోడ మీద రాయిస్తున్నాం. దీనిలో ఏ ఒక్క మాట తప్పినా నడిబజారులో ఆపి అడిగే హక్కు మీకుంది.