ఉపవాసం – ఔషధం – వ్రతధర్మం

ప్రాణుల దేహాలలో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనని భగవానుడు గీత పదిహేనవ అధ్యాయంలో తెలిపాడు. ఉదరంలో జీర్ణమైన ఆహారం శక్తిగా మారే క్రియ ప్రతి జీవకణంలోనూ అహర్నిశలు జరుగుతూనే ఉంటుంది.

అయితే అగ్ని, హవిస్సు సిద్ధంగా ఉన్నంత మాత్రాన యజ్ఞం సాగదు. అధ్వర్యుని ప్రైషం వినబడితేనే హోత మంత్రం ఆరంభిస్తాడు. భోజనానంతరం క్లోమం స్రవించే ఇన్సులిన్ కణాలకు అటువంటి ప్రైషమే. అది గ్రాహకాన్ని తాకగానే కండరకణాలలోనికి గ్లూకోజు ప్రవేశిస్తుంది. ఎమ్‌టార్ అనే ప్రోటీను నిర్మాణకార్యాన్ని ప్రేరేపిస్తుంది. కణంలో శక్తి తగ్గినప్పుడు ఏఎంపీకే అనే మరొక ప్రోటీను నిర్మాణాన్ని నిలిపి, నిల్వల దహనానికి ఆజ్ఞ ఇస్తుంది. అప్పుడు కణం తన శిథిల భాగాలను విచ్ఛిన్నం చేసి పునర్వినియోగించుకుంటుంది. ఈ ఆటోఫజీ ప్రక్రియను ఈస్ట్ కణాలలో పరిశోధించిన జపాన్ శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ పురస్కారం లభించింది.

దీనిని ఆధారం చేసుకొని ‘ఏకాదశికి నోబెల్ వచ్చింది’ అని చాటడం సత్యానికి దూరం. ఆయన పరిశీలించింది కణధర్మాన్ని, వ్రతాన్ని కాదు. భగవత్ప్రీతికై ఆచరించే వ్రతానికి పురస్కారముద్ర అవసరం లేదు. పైగా ఆ ప్రచారాన్ని నమ్మి రోగులు సైతం నిరాహారులు కావడం ప్రమాదకరం.

రెండవ రకం మధుమేహంలో, ముఖ్యంగా తొలిదశలో, ఇన్సులిన్ రక్తంలో సమృద్ధిగానే ఉంటుంది. కణం దాని ఆజ్ఞను సరిగా వినదు. కాలేయంలో, కండరాలలో పేరుకొన్న కొవ్వు ఆ సందేశాన్ని అడ్డగిస్తుంది. సందేశం చెడినకొద్దీ రక్తంలో చక్కెర పెరుగుతుంది. అది పెరిగినకొద్దీ సందేశం మరింత చెడుతుంది. మితాహారం, శరీరశ్రమ ఈ చక్రాన్ని చాలామందిలో సడలిస్తాయి.

కాని ఇన్సులిన్ సూదిమందు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారి స్థితి వేరు. ఆహారం లేకున్నా మందు ఇచ్చే ఆజ్ఞ ఆగదు. రక్తంలో చక్కెర పడిపోయి చెమట, వణుకు, స్పృహలేమి, ఒక్కోసారి ప్రాణాపాయం సంభవిస్తాయి. అలాగని తమంతట తాము మందు మానడమూ అపాయమే.

‘మాత్ర మింగితే వ్రతం చెడుతుంది’ అని భయపడే వృద్ధులు నేటికీ ఎందరో. ఆ భయానికి శాస్త్రాధారం లేదు. జలం, మూలం, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం అనే ఎనిమిదీ వ్రతభంగకారకాలు కావని ధర్మశాస్త్రం స్పష్టపరచింది. అతిగా భుజించేవానికీ, అసలే భుజించనివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం హెచ్చరించింది.

కనుక మధుమేహంతో ఉన్న భక్తులు ఏకాదశికి ముందే వైద్యుని సంప్రదించాలి. ఆయన అనుమతించిన ఆహారాన్ని నివేదించి, వేళకు ఔషధం సేవించి, నామస్మరణతో దినం గడపాలి. ఇంటిలోని పెద్దలకు ఈ ధర్మసూక్ష్మాన్ని తెలియజెప్పి, వారి భయాన్ని తొలగించడం పిల్లల కర్తవ్యం.