సంతపూర్‌లో రెండెకరాలు

సంతపూర్ దాపున రెండెకరాలు బేరానికి వచ్చాయి, కొని ద్రాక్షపందిరి వేయమంటారా అని మన సభ్యులలో ఒక పెద్దాయన మమ్ము అడిగారు. ఫించను సొమ్మంతా అందులోనే పెట్టదలచారట. అందుకే ఈ నెల ఇదే వ్రాస్తున్నాము.

కొనవచ్చునా? కొనవచ్చును. 1961 నాటి కర్నాటక భూసంస్కరణల చట్టం సేద్యం చేయనివారిని పొలం కొననిచ్చేది కాదు. ఆ అడ్డు 2020లో తీసివేశారు. అడ్డు పోయినంతమాత్రాన కాగితాలు చూడనక్కరలేదనుకోకండి! ఆ భూమి దళితులకు, గిరిజనులకు సర్కారు ఇచ్చినదైతే, 1978 చట్టం ప్రకారం సర్కారు అనుమతి లేని అమ్మకం చెల్లదు. డబ్బు పోతుంది, పొలమూ పోతుంది. పహాణీలో అమ్మేవాని పేరు, అప్పుల గడి రెండూ చూడండి. సర్వే నంబరులో కొంతభాగమే కొంటే 11ఇ నక్షా అడగండి. బీదర్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనిది గనుక పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి. చదవగల తాతగార్లు మనలో ఇంకా ఉన్నారు, కాస్త కాఫీ పోస్తే చదివి పెడతారు.

ఇక ద్రాక్ష. ఔరాదు తాలూకాలో నల్లరేగడి ఎక్కువ. కందికి, సోయాకు బాగానే ఉంటుంది. ద్రాక్షకు మాత్రం వేళ్ల దగ్గర నీరు నిలిస్తే గిట్టదు. పందిరి ఖర్చు ముందే పెట్టాలి, కాపుకు ఏళ్లు ఆగాలి.

పెద్దాయన బయానా ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం వారితో మేమూ వెళుతున్నాము. పలుగు, పార వెంట ఉంటాయి.