పోలీసు ముఖం ఎటు?

2007 ఆగస్టు 9. హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో, బంగ్లాదేశ్ విడిచి వచ్చి మన దేశంలో తలదాచుకున్న రచయిత్రి తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ. సభలోకి మజ్లిస్ శాసనసభ్యులు ముగ్గురు అనుచరులతో దూసుకొచ్చి, చేతికందిన పూలగుత్తులూ కుర్చీలూ ఆమె మీదికి విసిరారు. వేదిక మీదున్నవాళ్లే ఆమెకు అడ్డం నిలబడ్డారు. దాడి చేసినవారిని అరెస్టు చేశారు, బెయిలూ దొరికింది. ఆ తర్వాత, మతాల మధ్య వైషమ్యం పెంచుతున్నారంటూ రచయిత్రి మీద కూడా కేసు పెట్టారు!

ఆ నవంబరులో, ఆమె ఉంటున్న కలకత్తాలో, ఆమెను పంపేయాలంటూ అల్లర్లు జరిగాయి. సైన్యం దిగింది. తస్లీమాను జైపూర్‌కీ, అక్కణ్ణించి ఢిల్లీలో ఎవరికీ తెలియని చోటికీ తరలించారు. దానికి భద్రత అని పేరు. ఎవరిని కలవాలో, గడప దాటవచ్చో లేదో ఆమె చేతుల్లో లేదు. ఆశ్రయం పొందిన అతిథులు ఇక్కడివారి మనోభావాలను నొప్పించకూడదని విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పార్లమెంటులో సెలవిచ్చారు. రెండు రోజులకే, తన ఆత్మకథ 'ద్విఖండిత'లోని కొన్ని వాక్యాలు తీసేస్తానని ఆమె ప్రకటించారు. కలకత్తా హైకోర్టు 2005లోనే నిషేధం ఎత్తేసిన పుస్తకమది! ఒంటి మీద గీత పడకుండా కాపాడారు సరే, ఆ గీత వెళ్లి పుస్తకంలో పడింది. 2008 మార్చిలో ఆమె దేశం విడిచి వెళ్లిపోయారు.

నిజానికి అప్పటికి 18 ఏళ్ల ముందే, 1989లో, ఒక తమిళ సినిమా కేసులో సుప్రీంకోర్టు ఈ తగువు తేల్చింది. ఊరేగింపులు చేస్తాం, విధ్వంసం చేస్తాం అని ఎవరో బెదిరిస్తే భావప్రకటనను అణచడం బెదిరింపులకు లొంగిపోవడమే అంది. అదుపు చేయడం మావల్ల కాదని ప్రభుత్వం చేతులెత్తేయడానికి వీల్లేదనీ అంది. మన ఠాణాలకు ఈ తీర్పు ఇంకా చేరినట్టు లేదు. 2018 జూలైలో, రాముడి మీద వ్యాఖ్యలతో దుమారం రేగిన సినీ విమర్శకుడు కత్తి మహేష్‌ను ఆరు నెలలపాటు హైదరాబాద్ నుంచి బహిష్కరించారు. రోజుల వ్యవధిలోనే, ఆ వ్యాఖ్యల మీద నిరసనకు దిగిన పరిపూర్ణానంద స్వామినీ పంపేశారు. సమన్యాయం జరిగిందని సంతోషించాలేమో!

చంపమంటూ ఫత్వా వెలువడిన రచయిత సల్మాన్ రష్దీకి బ్రిటన్‌లో ఏళ్ల తరబడి పోలీసు కాపలా ఉండేది. ఖర్చు దండగ అని అక్కడా సణిగారు. అయినా ఆ కాపలాలోనే ఆయన నవలలు రాశారు.

మన దగ్గర టూ ప్లస్ టూ గన్‌మన్లంటే నాయకుడి హోదా. రచయితకు అది అక్కర్లేదు, ఇద్దరు గన్‌మన్ల నడుమ కూర్చుని కవిత చదవడం కష్టం కూడా. మేం కోరేది సభకు కాపలా. హాలు గుమ్మం దగ్గర నిలబడే పోలీసు వీపు వక్త వైపూ, ముఖం వీధి వైపూ ఉండాలి.

సభల అనుమతికి మేమూ వెళ్తుంటాం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మాట్లాడేదెవరు?" అడ్డుకుంటామన్నది ఎవరని అడిగిన అధికారి మాకింకా తగల్లేదు.