తాళంచెవి ఎవరి దగ్గర?

దెందులూరు మండలంలో ఒక చిన్న మందిరం. ఆదివారం తెల్లవారుజామున పాస్టరుగారే తలుపు తీస్తారు. చాపలు పరిచేదీ, మైకు సర్దేదీ ఆయనే. పాట ఎత్తుకునేదీ, వాక్యం చెప్పేదీ, కానుకలు లెక్కపెట్టేదీ, ఆ లెక్క పుస్తకంలో రాసేదీ ఆయనే. మధ్యాహ్నం ఎవరింట్లోనో ప్రార్థన, సాయంత్రం ఏలూరు ఆసుపత్రిలో ఉన్న విశ్వాసిని చూసి రావడం. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. "కొంత పని మరొకరికి అప్పగించవచ్చు కదా అయ్యగారూ" అంటే, "ఎవరికి అప్పగిస్తాం బ్రదర్, నమ్మకస్తులు ఏరీ?" అన్నారు. భీమడోలు వైపు రైసుమిల్లు నడుపుతున్న ఒక విశ్వాసి నోటా ఇదే మాట విన్నాను.

ఇద్దరూ భక్తిపరులే, కష్టజీవులే. కానీ ఇరవై ఏళ్లు వాక్యం విన్న సంఘంలో తాళంచెవి ఇవ్వదగిన మనిషి ఒక్కరూ లేరంటే, లోపం వినేవారిలోనే ఉందని ఎలా అనుకుంటాం?

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషేకూ ఇదే ఇబ్బంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా తానొక్కడే కూర్చుని తీర్పులు చెబుతున్నాడు. మామ యిత్రో వచ్చి ఒక్కరోజు చూశాడు. ఈ పద్ధతి మంచిది కాదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. మనం సాధారణంగా గమనించనిది ఇక్కడ ఒకటుంది. నలిగిపోయేది నువ్వొక్కడివే కాదు, నీ దగ్గరకు వచ్చిన ఈ జనం కూడా అన్నాడాయన. అన్నీ తానే చేసే నాయకుడు త్యాగం చేస్తున్నాననే అనుకుంటాడు. ఎండలో వరుసలో నిలబడినవాళ్ల సంగతి అతనికి కనబడదు. యిత్రో చెప్పిన అర్హతలు కూడా చూడండి. సామర్థ్యం, దైవభయం, సత్యం, లంచంపై అసహ్యం. బంధుత్వం ఆ జాబితాలో లేదు. మన దగ్గర చాలాచోట్ల మొదట చూసేది అదే. కొడుకు, కాకపోతే అల్లుడు.

దీనికి మన కాలువ గట్టు మీదే ఒక సాక్ష్యం ఉంది. నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా ఏలూరు చేరే గోదావరి కాలువ నీళ్లు ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమే. సర్ ఆర్థర్ కాటన్ దాన్ని 1847లో మొదలుపెట్టాడు. ఆయన గాఢమైన క్రైస్తవ విశ్వాసి. మరుసటి సంవత్సరమే ఆరోగ్యం చెడి, పనిని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి ఆస్ట్రేలియా వెళ్లిపోవలసి వచ్చింది. తిరిగి వచ్చింది 1850లో. గోదావరి మీద కట్టడమంటే ప్రతి వరదా ఒక పరీక్షే. అలాంటి పని నడుమ ఆయన లేడు. అయినా పని సాగింది, 1852లో పూర్తయింది. కూలీలను సమకూర్చి, వారి చేత పని చేయించడంలో వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. వీరన్న బ్రాహ్మణుడు. పనివారి భాష తెలిసినవాడు. ఆ పనికి అతనే తగినవాడు గనుక కాటన్ అతన్నే నమ్ముకున్నాడు. "గుమాస్తా మన విశ్వాసే అయి ఉండాలి" అని పట్టుబట్టే వ్యాపార సోదరులు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. యిత్రో కూడా మిద్యాను యాజకుడే కదా, ఇశ్రాయేలీయుడు కాడు.

ఇక యెరూషలేము సంఘం. రోజువారీ వడ్డనలో మా విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకుభాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ప్రార్థన, వాక్యం తమ దగ్గర ఉంచుకుని, వడ్డన బాధ్యతను ఏడుగురికి ఇచ్చారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి వైపు వారికే గిన్నె, గరిటె, లెక్క అన్నీ అప్పగించేశారన్నమాట! మన సంఘాల్లో సణిగినవాడికి ఏమిస్తాం? వెనుక బెంచీ. మనం ఇతరులకు అప్పగించేది సాధారణంగా చీపురు, చాపలు, కుర్చీలు. డబ్బు మాత్రం దగ్గరే పెట్టుకుంటాం. నా అభిప్రాయంలో అన్నిటికంటే ముందు వదులుకోవలసింది డబ్బే. ఇద్దరు లెక్కపెట్టాలి, మూడో మనిషి రాయాలి, నెలకోసారి సంఘం ముందు చదవాలి. పాస్టరు మీద అనుమానంతో కాదు, ఆయన మీద నింద పడకుండా ఉండడానికి.

పని ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం మరో జబ్బు. 1910లో ఎడింబరో మహాసభలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య మిషనరీల ముందు నిలబడి దాదాపు ఇదే బాధ చెప్పుకున్నాడు. మీ త్యాగానికి కృతజ్ఞులమే గానీ మమ్మల్ని స్నేహితులుగా చూడండని అడిగాడు. రెండేళ్లకు, 1912 డిసెంబరులో, ఆయన దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నా, మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టువదలలేదు.

అన్నీ అప్పగించేయమని కాదు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు యోవాబును పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. తర్వాతి కథ తెలిసిందే. చివరికి ఊరియా చావు రాసిన ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. దావీదు యోవాబుకు అప్పగించింది పని కాదు, పాపం. కొల్లేరు చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువులు నడిపే విశ్వాసులు చాలామందే ఉన్నారు. కాటా దగ్గర మోసం జరిగితే "అది మేనేజరు చూసుకుంటాడండి" అంటారు. నిషేధించిన మందు చెరువులో పడితే "కుర్రాళ్లు వేశారండి" అంటారు. ఆఫీసులో లంచం ఇవ్వాల్సి వస్తే ఆ కవరు గుమాస్తా చేత పంపించి, ఆదివారం తెల్లబట్టలతో ముందు వరుసలో కూర్చుంటారు. చేయి గుమాస్తాది కావచ్చు, లాభం ఎవరి ఖాతాలో పడిందో దేవుడు చూడడా? అలాగే పనివాడి ఇంట్లో చావు జరిగితే వెయ్యి రూపాయలు మరొకరితో పంపడం. క్షమాపణ ఫోనులో వేరేవాళ్ల చేత చెప్పించడం. వీటికి యజమాని కాళ్లే నడవాలి.

ఈమధ్య ఆ మందిరానికి మళ్లీ వెళ్లాను. పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని పలకరిస్తున్నారు. చాపలు కుర్రాళ్లు పరిచారు. కానుకల పెట్టె తాళంచెవి అంగన్‌వాడీలో పనిచేసే ఒక సోదరి దగ్గరుంది. మొదటి నెలలోనే నలభై రూపాయల తేడా వచ్చిందట.

"తాళం వెనక్కి తీసుకున్నారా అయ్యగారూ?" అన్నాను.

"తీసుకుందామనే అనుకున్నాను బ్రదర్. ముందు ఇద్దరం కూర్చుని పుస్తకమంతా తిరగేశాం. తప్పు నేను రాసిన పాత పేజీలో ఉంది."