చిగుళ్ళలో నెత్తురు వస్తే తోమడం మానవచ్చునా?



గృహ దర్శనాలకు వెళ్ళినపుడు పెద్ద వయసు తల్లులు తరచుగా ఒక మాట అంటుంటారు: "అయ్యగారూ, పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోంది. అందుకే తోమడం మానేశాను." వేలితో కాస్త పళ్ళపొడి రాసి, పుక్కిలించి ఊరుకుంటారు. కొన్నాళ్ళకు పళ్ళు కదులుతాయి. "వయసైపోయింది గదా" అని సరిపెట్టుకుంటారు. నోటి వాసనకు జంకి, ఆరాధనలో పాట పాడేటప్పుడు కూడ కొంగు అడ్డు పెట్టుకొనేవారున్నారు. అది చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పళ్ళను ఊడగొట్టేది వయసు కాదు, పాచి. పంటికీ చిగురుకీ మధ్య నిలిచిన పాచిలో సూక్ష్మక్రిములు పెరిగి చిగురును వాచేలా చేస్తాయి. వాచిన చిగురే నెత్తురు కారుతుంది. నెత్తురొస్తోందని తోమడం మానితే పాచి ఇంకా పెరుగుతుంది. అదే పాచి లాలాజలంలోని ఖనిజాలతో కలిసి గట్టిపడితే గార అవుతుంది. గార కిందికి జబ్బు దిగి, పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక తిరిగి పూర్తిగా రాదు. అందుచేత నెత్తురు కనబడిన రోజే మెత్తని బ్రష్షు పట్టాలి.

ఆమోసు గ్రంథం 4వ అధ్యాయంలో దంతశుద్ధి అనే మాట ఉంది. దాన్ని దీవెన అనుకునేవారున్నారు గాని, అక్కడ దాని అర్థం కరవు. తినడానికేమీ లేక పళ్ళకు ఏదీ అంటలేదన్నమాట. మనకు దేవుడు అన్నం పెట్టాడు గనుక తోముకొనే పని కూడ ఉంది.

ఇక పుక్కిలించే మందుల సంగతి. ఫ్లోరైడ్ మందు ముఖ్యంగా పంటి పుచ్చును ఆపుతుంది. చిగుళ్ళ జబ్బును అది ఒక్కటే నయం చేయలేదు. అయితే చిగురు కిందికి జారినవారికి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద గట్టి పింగాణీ పొర ఉండదు గనుక త్వరగా పుచ్చుతుంది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. అటువంటివారికి ఈ మందు మేలు చేస్తుంది. రోజూ వాడే రకం 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్నది. 10 మిల్లీలీటర్లు నోట పోసుకొని, ఒక నిమిషం పుక్కిలించి, పూర్తిగా ఉమ్మివేయాలి. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు.

నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల విశ్వాసులు ఇక్కడ ఉలిక్కిపడతారు. వారి భయం న్యాయమైనదే. నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరైడ్ జబ్బును గురించి 1937లోనే వైద్యులు రాశారు. నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయితే ఆ జబ్బు ఏళ్ళ తరబడి మింగడం వల్ల వచ్చింది. పుక్కిలించి ఉమ్మితే లోపలికి పోయేది బహు స్వల్పం. మింగితే మాత్రం ఆ ఒక్క గుక్కలోనే సుమారు 2 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ ఉంటుంది. తాగే నీటికి హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములే. కాబట్టి ఆరేళ్ళలోపు పిల్లలకు ఈ మందు వద్దు, సీసా వారికి అందనీయవద్దు. బోరునీళ్ళే తాగే ఇళ్ళవారు దంతవైద్యుని అడగకుండా కొనవద్దు. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోతుందనుకోవద్దు, పోదు.

అన్నిటికంటె చౌకైనది ఉప్పునీరు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు వేసి, భోజనం తర్వాత పుక్కిలిస్తే వాపు, నొప్పి కొంత శాంతిస్తాయి.

పళ్ళ సందులను నీటి ధారతో కడిగే యంత్రాలు కూడ ఉన్నాయి. 1962లో అమెరికాలోని కొలరాడోలో ఒక దంతవైద్యుడు, ఒక ఇంజనీరు కలిసి తయారుచేసినదే వీటికి మూలం. బ్రష్షు పోనిచోట నిలిచిన మెతుకులను, మెత్తని పాచిని ఇవి కొంత కడిగివేస్తాయి, నెత్తురు తగ్గుతుంది. గట్టిపడిన గారను మాత్రం కదపలేవు. తక్కువ వేగంతో మొదలుపెట్టి, ధారను చిగురు అంచు వెంబడి అడ్డంగా పోనివ్వాలి. యంత్రం కొనే స్తోమత లేనివారు సూదిలేని, మొన మొద్దుగా ఉన్న సిరంజితో కడుక్కోవచ్చునేమో దంతవైద్యుని అడగండి. సూది ఉన్నదాన్ని నోటిలో ఎన్నడూ పెట్టవద్దు. చీముగడ్డ ఉన్నవారు, గుండె కవాటం మార్పించుకున్నవారు వైద్యుని అడిగే ఈ పని చేయాలి.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. అప్పటికే ఎముక కరిగి, గార పట్టు మీద నిలిచిన పన్ను, గార పోగానే తన అసలు స్థితి చూపిస్తుంది, అంతే. షుగరు ఉన్నవారు దీన్ని అసలు వాయిదా వేయవద్దు. షుగరు చిగుళ్ళను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగరును పెంచుతాయి. పొగాకు కలిసిన పళ్ళపొడి వాడేవారు, చుట్ట తాగేవారు వెళ్ళినపుడు ఆ మాట దాచకూడదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన అడ్డపొగ తాగే తల్లులు చిగుళ్ళతోపాటు అంగిలి కూడ చూపించుకోవాలి. అక్కడ కేన్సరు నొప్పి లేకుండా మొదలవుతుంది.

హైదరాబాదులోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రులున్నాయి. ఉదయం పెందలాడే వెళ్ళండి, వాడుతున్న మందుల చీటీ వెంట పట్టుకెళ్ళండి.